విద్యుత్ నియంత్రణ మండలి – గణపూర్తి నియమము

కొన్ని సంవత్సరములకు పూర్వము మా పాఠశాలకు వచ్చు కరెంటు బిల్లు వాణిజ్య తరగతి క్రింద వేయబడుచున్నదని మా కార్యవర్గము కనుగొన్నది. మాది అన్యరాష్ట్రమున తెలుగు మాధ్యమమున నడచుచున్న చిన్న బడి. పిల్లలు తక్కువ, చందాలు అంతకంటె తక్కువ. విద్యుత్తు ధరలను నిర్ణయించు మండలి యెదుట మన కష్టము చెప్పుకొందమని పెద్దలు తీర్మానించిరి. అభ్యంతర పత్రము వ్రాయు భారము నాపై పడినది. రాష్ట్రభాషలో వ్రాసి, ఆ భాష బోధించు మా సహోపాధ్యాయునిచే దిద్దించి, గడువులోపల పంపితిమి. విచారణ దినమునకు నేనును, కార్యవర్గములోని యొక వృద్ధ నేతగాడును రాత్రి బస్సెక్కి తెల్లవారునప్పటికి రాజధాని చేరితిమి.

విచారణ మందిరమున మూడు ఆసనములున్నవి. అందొకటి చాలకాలముగా ఖాళీ. రెండవదానిలో కూర్చుండవలసినవారు ఆనాడు రాలేదు. మూడవవారు మాత్రము వచ్చి కూర్చుండిరి. కొంతసేపటికి ఒక ఉద్యోగి లేచి, కోరము లేనందున విచారణ వాయిదా వేయబడినదని ప్రకటించెను.

తాత నా వైపు తిరిగి, "ఏం కోరమంటున్నారు మాష్టారూ? కోరడానికే గదా మనం వచ్చాం!" అనెను. నేను విషయము చెప్పగా, "ఒక్కరైనా వచ్చారు గదా. ఆయనే వింటే ఏం పోయింది?" అని మరల నడిగెను.

ఆనాడు నేను సరియైన సమాధానము చెప్పలేకపోయితిని. ఒక దినపు కూలియు, రానుపోను బస్సు ఖర్చును పోగొట్టుకొన్న మనుష్యునకు "నియమమట్లున్నది" అనుట సమాధానము కాదు. పిమ్మట చట్టమును తెప్పించి చదివితిని. అందు తెలిసికొన్న సంగతులు, మావలెనే తరతరములుగా అన్యరాష్ట్రములలో స్థిరపడిన తెలుగు సోదరులకు ఉపయోగపడునను ఆశతో ఇచ్చట వివరించుచున్నాను.

మండలి స్వరూపము

విద్యుత్తు నుత్పత్తి చేయువారు, పంపిణీ చేయువారు, వాడుకొనువారు – ఈ మూడు తెగల నడుమ ధర యెంత, సేవ యెట్టిది అను తగవును ప్రభుత్వమే తీర్చుట పూర్వపద్ధతి. కాని పెక్కుచోట్ల విద్యుత్తు నమ్మునది కూడ ప్రభుత్వ సంస్థయే. అమ్మువాడే తీర్పరి యగుట తగదని తలచి, వేరుగా స్వతంత్ర మండలుల నేర్పరచిరి. దేశమున ఈ కార్యమునకు మొదట పూనుకొన్నది ఒరిస్సా. అచ్చటి 1995 నాటి విద్యుత్ సంస్కరణల చట్టము ననుసరించి 1996 లో మండలి యేర్పడినది. ఆంధ్రప్రదేశము 1998 లో చట్టము చేసి 1999 లో మండలిని నెలకొల్పినది. తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటకములందును 1999 లోనే మండలులు వెలసినవి. నేడు వీని కన్నింటికిని ఆధారము 2003 నాటి విద్యుత్ చట్టము.

ఈ చట్టములోని 82 వ సెక్షన్ ప్రకారము రాష్ట్ర మండలిలో అధ్యక్షునితో కలిపి సభ్యులు ముగ్గురికి మించరాదు. ఇంజనీరింగు, ఆర్థికము, వాణిజ్యము, అర్థశాస్త్రము, న్యాయము, నిర్వహణము మున్నగు విషయములందు తగిన జ్ఞానము గలవారిని నియమింపవలెను. పదవీకాలము ఐదు సంవత్సరములు. అరువదియైదేండ్లు నిండినపిమ్మట ఆ పదవిలో నుండరాదు. హోసూరులోని చిన్న కార్ఖానాకును, షోలాపురమునందలి పద్మశాలీల మరమగ్గమునకును, బరంపురపు దుకాణమునకును, బళ్లారిలోని యింటి దీపమునకును విద్యుత్తు ధర ఆయా రాష్ట్రములందలి ఈ ముగ్గురు సభ్యుల చేతులమీదుగా నిర్ణయమగుచున్నది.

యానామువారి సంగతి ప్రత్యేకము. యానాము పుదుచ్చేరిలోని భాగము. గోవా రాష్ట్రమునకును, పుదుచ్చేరి మున్నగు కేంద్రపాలిత ప్రాంతములకును కలిపి ఒక సంయుక్త మండలి కలదు. దాని కార్యాలయము హర్యానాలోని గురుగ్రామమున నున్నది. అందు అధ్యక్షునితో కలిపి ఇద్దరే. ఇద్దరుండు చోట ఒక స్థానము ఖాళీయైనచో మిగులునది ఒక్కరే. గోదావరి యొడ్డున వెలుగు దీపమునకును, అంత దూరమున ఖాళీగానున్న కుర్చీకిని సంబంధము లేదనుకొనుట పొరబాటు.

మాట పుట్టుక

తాత "కోరము" అను మాటను అట్లర్థము చేసికొనుటలో తప్పు లేదు. తెలుగున కోరము అనగా మేము అడుగము అని భావము. సభలలో వినవచ్చు కోరము లాటిను భాషనుండి వచ్చినది. "ఎవరిలోనైతే" యని దాని శబ్దార్థము. పూర్వము ఇంగ్లండున రాజు ప్రాంతీయ న్యాయాధికారులను నియమించు ఆజ్ఞాపత్రములో పలువురి పేర్లు వ్రాసి, వీరిలో ఫలానావారు ఒకరైనను ఉండితీరవలెనని ప్రత్యేకించి చెప్పుట ఆచారము. ఆ ఫలానావారు సామాన్యముగా ధర్మశాస్త్ర మెరిగినవారు. కావున మొదట ఈ మాట "ఎందరు" అను ప్రశ్నకు గాక "ఎవరు" అను ప్రశ్నకు సమాధానముగా నుండెను. కాలక్రమమున సంఖ్య మిగిలినది, వ్యక్తి మరుగుపడెను.

మన దేశమున ఈ భావము ఇంకను ప్రాచీనము. బౌద్ధుల వినయపిటకమున సంఘకార్యములకు ఇందరు భిక్షువులు చేరవలెనను నియమములు కలవు. గణమును నిండించుటకై చేరువానిని గణపూరకుడనిరి. మనము నేడు వాడు గణపూర్తి యను పదమును ఆ మాటకు చుట్టమే. క్రొత్తవానికి ఉపసంపద యొసగుటకు మధ్యదేశమున పదిమంది భిక్షువులు కావలెను. భిక్షువులు పలుచగానుండు ప్రత్యంతదేశములందు, అనగా సరిహద్దు నాడులందు, పదిమందిని సమకూర్చుట దుర్ఘటమగుటచే ఐదుగురు చాలునని సడలించిరి. కాని ఆ యైదుగురిలో ఒకరు వినయధరుడై, అనగా నియమశాస్త్ర మెరిగినవాడై యుండవలెనని చెప్పిరి. సంఖ్యను తగ్గించిరి గాని శాస్త్రజ్ఞుని విడిచిపెట్టలేదు. 1949 నవంబరు 25 వ తేదీన రాజ్యాంగ పరిషత్తులో ప్రసంగించుచు డాక్టరు అంబేడ్కరుగారు, గణపూర్తి మున్నగు సభానియమములు బౌద్ధ భిక్షుసంఘములకు తెలిసియుండెనని జ్ఞాపకము చేసియున్నారు.

గణపూర్తి నియమమునకు ఇట్లు రెండు కండ్లు. ఒకటి సంఖ్య, రెండవది యోగ్యత. విద్యుత్ మండలుల చరిత్రలో మొదటి కన్ను ఆదినుండి తెరచియే యున్నది. రెండవది తెరచుకొనుటకు 2018 వరకు పట్టినది.

చట్టము చెప్పు పద్ధతి

పార్లమెంటు సభలకు గణపూర్తి మొత్తము సభ్యులలో పదవవంతు. రాష్ట్ర శాసనసభలకు పదిమంది లేక పదవవంతు, ఏది హెచ్చైన నది. ముగ్గురే యున్న మండలికి ఇట్టి భాగహారము పనికిరాదు. అందుచే విద్యుత్ చట్టములోని 92 వ సెక్షన్ ఒక సంఖ్యను చెప్పక, గణపూర్తితో సహా సభా నిర్వహణ విధానమును ప్రతి మండలియు తన నిబంధనలచే తానే నిర్ణయించుకొనవలెనని విధించినది. పెక్కు రాష్ట్ర మండలులు ఈ సంఖ్యను రెండుగా పెట్టుకొన్నవి. ముగ్గురిలో ఇద్దరనగా సగమునకు మించిన సంఖ్య. ఈ నిబంధనలను మార్చదలచినచో ముందుగా ముసాయిదాను ప్రచురింపవలెనని 181 వ సెక్షనును, నిబంధనలను రాష్ట్ర శాసనసభ ముందుంచవలెనని 182 వ సెక్షనును చెప్పుచున్నవి. కావున మండలి తన గణపూర్తిని చాటుగా తగ్గించుకొనుటకు వీలులేదు.

అధ్యక్షుడు రాలేనిచో ఆయన నియోగించిన సభ్యుడు, అట్టి నియోగము లేనిచో హాజరైన సభ్యులు తమలో నెన్నుకొన్నవారు అధ్యక్షత వహింతురు. హాజరై వోటు చేసినవారిలో అధికసంఖ్యాకుల మాటయే నిర్ణయము. వోట్లు సమానమైనచో అధ్యక్షస్థానమున నున్నవారికి రెండవ వోటు కలదు. దీని ఫలితమును గమనింపవలెను. ముగ్గురు కూర్చున్నచో అధ్యక్షుని అభిప్రాయమును తక్కిన యిద్దరు కాదనవచ్చును. ఇద్దరే కూర్చుండి భేదించినచో అధ్యక్షుని మాటయే నెగ్గును. అనగా ఇద్దరితో గణపూర్తి యగును గాని, ముగ్గురిచే కలుగు రక్షణ సంపూర్ణముగా కలుగదు. అయినను ఆ రెండవ సభ్యుడు నిరర్థకుడు కాడు. ఆయన ప్రశ్న అడుగును. లెక్క సరిచూచును. తన భిన్నాభిప్రాయమును వ్రాసిపెట్టును. పై న్యాయపీఠమునకు పోవువారికి ఆ వ్రాత ఆధారము కాగలదు.

తాత ప్రశ్నకు సమాధానము ఇచ్చటనే కలదు. ఆనాడు వచ్చిన ఒక్కరు మా మాట వినియుండవచ్చును. కాని అదే దినమున, ధరలు పెంచుమని కోరిన పంపిణీ సంస్థ మాటను కూడ ఆ యొక్కరే వినియుందురు. ఒక్కరు విని యిచ్చిన యుత్తరువు మనకు లాభించిన నాడు మనకది తీపి. లక్షలాది కుటుంబముల బిల్లులు ఒక్కరి తలపుతో పెరిగిన నాడో? నియమము రెండు వైపులకును ఒక్కటే. మా బస్సు ఖర్చు ఆ రక్షణకై మేము చెల్లించిన వెల.

ఖాళీ వేరు, కొరత వేరు

ఇచ్చట పెక్కుమంది తడబడు విషయమొకటి కలదు. 93 వ సెక్షన్ ప్రకారము, మండలిలో ఒక స్థానము ఖాళీగా నున్నదను కారణము మాత్రమున దాని చర్యలు చెల్లకపోవు. దీనిని చదివి, "ఎందరున్నను చెల్లును గదా" యని కొందరందురు. అది సరి కాదు. ముగ్గురిలో ఒకరు లేనప్పుడు మిగిలిన ఇద్దరు కలిసి పనిచేయుటకు ఆ సెక్షన్ తోడ్పడును. నిబంధనలు ఇద్దరుండవలెనని చెప్పగా ఒక్కరే కూర్చుండుటకు అది అనుమతి పత్రము కాదు. మన తెలుగు సంఘములలో కోరము చాలనప్పుడు అరగంట వాయిదా వేసి, పిదప ఉన్నవారితోనే సభ జరుపుట మనకు పరిచితమే. సంఘ నియమావళి అనుమతించినచో అందు దోషము లేదు. తీర్పు చెప్పు మండలికి ఆ వెసులుబాటు తగదు.

ఖాళీలు ఆకస్మికముగా వచ్చునవి తక్కువ. సభ్యుని పదవీకాలము ముగియు దినము నియమించిన నాడే తెలిసియుండును. అందుచేతనే 85 వ సెక్షన్, పదవీకాలము ముగియుటకు ఆరునెలల ముందుగానే ప్రభుత్వము ఎంపిక సంఘమునకు వ్రాయవలెనని చెప్పుచున్నది. మరణము, రాజీనామా, తొలగింపు వలన ఖాళీ యేర్పడినచో ఒక నెలలోపల వ్రాయవలెను. ఎంపిక సంఘము మూడు నెలలలో పని ముగించి, ఒక్కొక్క ఖాళీకి రెండేసి పేర్లు సూచింపవలెను. ఈ గడువులు పాటించినచో ఆసనములు ఖాళీగా నుండవలసిన పనియే చాలవరకు లేదు. గణపూర్తి లేక విచారణలు ఆగినచో తప్పు గణపూర్తి నియమముది కాదు, గడువు దాటించినవారిది. ఆ ఆలస్యమువలన వెనుకబడిన లెక్కలకు వడ్డీ చేరి, తుదకది వినియోగదారుల బిల్లులోనికే దిగుట కూడ కలదు.

రెండవ కన్ను

2018 ఏప్రిల్ 12 వ తేదీన సుప్రీంకోర్టు గుజరాతు ప్రభుత్వమునకు సంబంధించిన వ్యాజ్యమున ముఖ్యమైన తీర్పు చెప్పినది. తీర్పు చెప్పిన ఇద్దరు న్యాయమూర్తులలో ఒకరు కృష్ణాజిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వరుగారు, రెండవవారు సంజయ్ కిషన్ కౌల్ గారు. మండలి అధ్యక్షుడు న్యాయమూర్తియే కానక్కరలేదు గాని, ప్రతి మండలిలోను న్యాయశాస్త్ర పరిచయము గల సభ్యుడొకడు ఉండితీరవలెననియు, తగవులు తీర్చు విచారణలలో అట్టి సభ్యుడు కూర్చుండవలెననియు ఆ తీర్పు నిర్ణయించినది. అట్టివాడు లేని మండలులలో తరువాత వచ్చు ఖాళీని న్యాయసభ్యునితోనే నింపవలెనని ఆదేశించినది. అంతకుముందు వెలువడిన యుత్తరువులకు ఈ తీర్పు వలన భంగము లేదనియు స్పష్టము చేసినది.

ఈ తీర్పుతో కోరము అను మాట తన మొదటి యర్థమునకు తిరిగివచ్చినది. ఇద్దరు కూర్చున్నారా అని మాత్రమే గాక, ఆ యిద్దరిలో శాస్త్రమెరిగినవారున్నారా అని కూడ అడుగవలసి వచ్చినది. ప్రత్యంతదేశపు ఐదుగురిలోని వినయధరుడు ఇచ్చట మరల కనబడుచున్నాడు.

ఇది కాగితముపై మిగిలిన మాట కాదు. 2020 ఆగస్టులో, కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలిలో న్యాయసభ్యుడు లేని విషయము సుప్రీంకోర్టు ముందుకు రాగా, ఆ మండలి విచారణలు కొన్ని నెలలు నిలిచిపోయినవి. 2022 ఆగస్టులో తమిళనాడు మండలి ధరల పెంపుపై తుది యుత్తరువు ఇచ్చుటకు సిద్ధపడుచుండగా, న్యాయసభ్యుడు నియమితుడగు వరకు ఆగవలెనని మద్రాసు హైకోర్టు మదురై పీఠమున ఒక న్యాయమూర్తి ఆజ్ఞాపించిరి. సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ యాజ్ఞను తొలగించినది. ఆ నెలలోనే క్రొత్త ధరలు అమలునకు వచ్చినవి. ధరలు నిర్ణయించుట వేరు, తగవు తీర్చుట వేరు అను భేదము ఎంత ముఖ్యమో ఈ వ్యవహారము తెలుపుచున్నది. మన పాఠశాల బిల్లు వంటిది ఏ తరగతి విషయమని తెలిసికొనకయే వాదమునకు దిగరాదు.

విన్నవారే చెప్పవలెను

గణపూర్తికి తోడుగా నుండు ధర్మమింకొకటి కలదు. అది తెలుగునాటి వ్యాజ్యములోనే స్థిరపడినది. 1958 లో సుప్రీంకోర్టు, గుల్లపల్లి నాగేశ్వరరావుగారికిని ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకును నడచిన వ్యాజ్యమున, విన్నవారు ఒకరును నిర్ణయించువారు మరియొకరును అయినచో ఆ వినికిడి వట్టి లాంఛనమగునని తేల్చినది. బస్సు మార్గములను గూర్చి పుట్టిన ఆ తగవు నేటికిని న్యాయస్థానములలో ఉదాహరింపబడుచున్నది. ఒకనాడు ఇద్దరు కూర్చుండి విని, వారిలో ఒకరు పదవీవిరమణ చేసిన పిమ్మట వినని మరియొకరు సంతకము చేసినచో, సంఖ్య సరిపోవచ్చును గాని న్యాయము సరిపోదు. తలలు లెక్కించుట చాలదు, చెవులను కూడ లెక్కింపవలెను.

మన కర్తవ్యము

మనవంటి అల్పసంఖ్యాకులు ఈ విషయమున చేయదగినవి కొన్ని కలవు. మొదటిది, ఏ యుత్తరువు చేతికి వచ్చినను మొదటి పుటలోని పేర్లు చూడవలెను. ఎవరు కూర్చుండిరి, వారిలో న్యాయసభ్యుడున్నాడా, విచారణ ఏనాడు జరిగినది అనునవి అచ్చటనే తెలియును. రెండవది, తమ రాష్ట్ర మండలి కార్యనిర్వహణ నిబంధనల ప్రతిని ప్రతి సంఘమును తన గ్రంథాలయమున నుంచుకొనవలెను. మూడవది, అభ్యంతరమును వ్రాతమూలకముగా గడువులోపల పంపవలెను. విచారణ వాయిదా పడవచ్చును, మనిషి మరల రాలేకపోవచ్చును, కాని దాఖలైన కాగితము అచ్చటనే యుండును. రాష్ట్రభాషలో వ్రాయుటకు మన బడుల ఉపాధ్యాయులు సాయపడగలరు. ఇది మా వృత్తికి అన్యమైన పని యని నేననుకొనను. నాల్గవది, గణపూర్తి లోపమున్నదని తోచినచో విచారణ దినముననే మర్యాదగా చెప్పి వ్రాయించుకొనవలెను. ఉత్తరువు వెలువడిన పిమ్మట 111 వ సెక్షన్ ననుసరించి అప్పిలేటు ట్రిబ్యునలునకు పోవు మార్గము కలదు గాని, అది చిన్న బడి మోయదగిన ఖర్చు కాదు. ఐదవది, సభ్యుని పదవీకాలము ముగియ వచ్చుచున్నప్పుడు, ఆరునెలల గడువును జ్ఞప్తికి తెచ్చుచు ప్రభుత్వమునకొక విజ్ఞప్తి పంపవలెను. యానాము సోదరులకు ఇది మరింత అవసరము.

మా వ్యవహారము సంగతి చెప్పి ముగింతును. రెండవమారు విచారణ జరిగిన దినమున ఇద్దరు సభ్యులు కూర్చుండిరి. తాత రాలేకపోయెను. మగ్గము మరల ఒక దినము ఆపుట ఆయనకు శక్యము కాలేదు. నేనొక్కడనే వెళ్లి మా పత్రమును చదివితిని. సభ్యులలో ఒకరు బడిలోని గదుల సంఖ్యను, రాత్రి తరగతులను గూర్చి రెండు ప్రశ్నలడిగిరి. కొన్ని వారములకు ఉత్తరువు వచ్చినది. మేము కోరినదంతయు లభింపలేదు, కొంత లభించినది. లభింపని భాగమునకు కారణము వ్రాయబడియున్నది. దానిని తెలుగున చదివి వినిపించితిని.

తాత అంతయు విని, "ఇద్దరూ విన్నారా?" అని మాత్రమడిగెను.

విన్నారని చెప్పితిని.

"అయితే సరే. మిగిలింది వచ్చే ఏడు కోరుదాం" అనెను.